కొత్వాలు గోడ మీద కోళ్ళు

అనగా అనగా, కోడి కూస్తే గానీ కోట తలుపులు తెరవని రోజుల్లో, మణిపాడు అనే నగరం ఉండేది. ఒకనాడు ఏ ఇంటి పెట్టో వెళ్ళి రాజుగారి పల్లకీలో గుడ్డు పెట్టింది. రాజుగారు చూసుకోకుండా కూర్చున్నారు. ఇంకేముంది! ఇంటికి మూడు పెట్టలే ఉండాలి, పుంజు ఉండనే కూడదు అని సాయంత్రానికల్లా చాటింపు వేయించారు.

పడమటి వీధి పైడమ్మవ్వకు సరిగ్గా మూడు పెట్టలు, ఒక పుంజు. వాటి గుడ్లమ్ముకుంటేనే ఆవిడ పొయ్యి వెలిగేది. చట్టం చట్టమే కదా అని కళ్ళొత్తుకుని, పుంజును కొత్వాలు దండపాణి చేతిలో పెట్టింది.

వారం తిరిగేసరికి కొత్వాలు మళ్ళీ వచ్చాడు. ఎర్రపెట్ట గడప దాటి వీధిలో కాలు పెట్టిందట, వీధిలోకొచ్చిన కోడి సర్కారుదట. పట్టుకుపోయాడు.

మూడోసారి వచ్చి గంప ఎత్తి చూశాడు. లోపల నల్లపెట్ట పదకొండు గుడ్లు పొదుగుతోంది.

"గుడ్డు కూడా కోడే. నీ ఇంట్లో పదమూడు కోళ్ళున్నాయి" అన్నాడు దండపాణి. పెట్టనీ గుడ్లనీ గంపతో సహా ఎత్తుకుపోయాడు. మిగిలింది గుడ్లు మానేసిన ముసలిపెట్ట ఒక్కటే. వారం తిరిగి కొలువు తీరిన రోజు వచ్చింది. అవ్వ తిన్నగా కొలువుకు నడిచి, జరిగిందంతా చెప్పుకుంది.

పట్టిన కోళ్ళన్నిటినీ ఏటి అవతలకు తోలేశానని దండపాణి రాజుగారి ముందు తొణక్కుండా చెప్పాడు. తన పుంజు కూత రోజూ ఎటునుంచి వినిపిస్తోందో అవ్వకు తెలుసు. పొద్దువాలే వేళకు ఏలినవారు ఒక్కసారి కొత్వాలు గారి పెరటి గోడ దాకా రావాలని మాత్రం వేడుకుంది.

వచ్చారు. అవ్వ కొంగులోంచి గుప్పెడు నూకలు తీసి, రోజూ కోళ్ళను గూటికి పిలిచినట్టే పిలిచింది.

"బా... బా... బా..."

ముందుగా పుంజు గోడెక్కి కూసింది. వెనకే ఎర్రపెట్ట దూకింది. ఊళ్ళో ఆడవాళ్ళందరి పిలుపూ అదేనాయె, నగరంలో పట్టిన కోళ్ళన్నీ రెక్కలు కొట్టుకుంటూ గోడ మీద బారులు తీరాయి. పెరటి తలుపు సందులోంచి నల్లపెట్ట తన పదకొండు పిల్లలతో బయటికి నడిచింది. అవ్వకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"రోజుకు ఎన్ని గుడ్లు తింటున్నావు?" అని అడిగారు రాజుగారు.

"ఆరు, మహారాజా" అని గొణిగాడు దండపాణి.

"గుడ్డు కూడా కోడే అన్నావటగా. అయితే ఈ నగరంలో అన్నిటికన్నా పెద్ద కోళ్ళగూడు నీ పొట్టే."

కోళ్ళ గంప నెత్తిన పెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి, ఎవరి కోళ్ళు వాళ్ళకు దండపాణి చేతే ఇప్పించారు. తిన్న ప్రతి గుడ్డుకూ ఒక పెట్ట చొప్పున, మూడు పెట్టలు లేని ఇళ్ళకు అదనంగా ఇమ్మన్నారు. పాపం, ఇప్పటికీ ఇస్తూనే ఉన్నాడు. పుంజును మాత్రం అవ్వ తనంతట తనే కోట బయట ఉన్న చెల్లెలింటికి పంపేసింది. నల్లపెట్ట పిల్లలు పెద్దవి కాకముందే పెట్టలు తక్కువున్న ఇరుగుపొరుగుకు పంచిపెట్టింది.

కాబట్టి పిల్లలూ, ఎదుటివాడిని కొలిచే కొలతతోనే తననూ కొలుచుకోగలిగినవాడికే చట్టం చెప్పే హక్కు ఉంటుంది.