భద్రయ్య వేసిన దారి

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలం వస్తే గుక్కెడు నీళ్ళకు అల్లాడిపోయే అడవిలో, భద్రయ్య అనే ఏనుగు నాయకుడిగా ఉండేవాడు. బండలు దొర్లించి, ముళ్ళపొదలు పీకి, ఏటి దాకా దారి వేశాడు. ఆ దారి వల్లే అడవి బతికింది.

భద్రయ్య ముసలివాడై చనిపోయాడు. పెద్దకర్మ నాడు జంతువులన్నీ తలా ఒక పువ్వు పట్టుకుని ఆయన సమాధి దగ్గర చేరాయి. ఆయన కూతురు గంగ ఇప్పుడు నాయకురాలు. సభకు పెద్దగా ఎలుగుబంటి కూర్చుంది.

"పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలి," అంది ఎలుగుబంటి.

"ఆయన చలవ వల్లే నా పిల్లలు దాహంతో చావలేదు," అని జింక పువ్వు పెట్టింది.

"వరదలో నన్ను వీపు మీద దాటించాడు. భయంతో చెవులు పట్టి లాగినా ఏమీ అనలేదు," అని కోతి పువ్వు పెట్టింది. అందరూ నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత తెల్లమ్మ అనే కుందేలు లేచింది. పువ్వు చేతిలోనే ఉంది.

"నేనూ ఆ ఏటి నీళ్ళే తాగాను. కానీ ఆ దారి మా బొరియల మీదుగా వేశాడు. వద్దని మొత్తుకుంటే వినలేదు. నా తొలి కాన్పు పిల్లలు ఆ మట్టి కిందే పోయారు."

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావా? కూర్చో," అని ఎలుగుబంటి గద్దించింది.

తెల్లమ్మ కూర్చోలేదు. "నాకు మళ్ళీ ఆ బొరియల్లోనే పిల్లలు పుట్టారు. ఈ పెద్దకర్మ అయ్యాక రేపు ఏనుగులన్నీ మళ్ళీ ఆ దారినే ఏటికి వెళ్తాయి. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్పను?"

గంగకు చాలా కోపం వచ్చింది. నాన్నంటే ఆమెకు ప్రాణం. తొండం ఎత్తింది. అంతలోనే ఒకటి గుర్తొచ్చి మెల్లగా దించేసింది.

"నాన్న ముసలితనంలో ఆ బొరియల దగ్గరికి రాగానే ఆగేవాడు. పక్కకు జరిగి నడిచేవాడు. కాళ్ళనొప్పులేమో అనుకుని మేం తిన్నగానే వెళ్ళేవాళ్ళం."

చూశారా పిల్లలూ, ఆయనకు తప్పు తెలిసింది. ఒప్పుకోవడానికే నోరు రాలేదు. పెద్దవాళ్ళలో కొందరికి అదొక జబ్బు.

"పద తెల్లమ్మా, బొరియలు చూపించు," అంది గంగ.

"మీ నాన్న వేసిన దారిని మారుస్తావా?" అంది ఎలుగుబంటి.

"దారి ఆయనదే మామా. వంపు ఒక్కటే నాది."

పొద్దు వాలేలోగా బొరియల చుట్టూ దారి వంపు తిరిగింది. మర్నాడు ఏనుగుల మంద అటు నుంచే వెళ్ళింది. ఇక్కడ దారి ఎందుకు వంకరగా ఉందని గున్న ఏనుగులు అడిగితే, గంగ తన నాన్న చేసిన మేలూ చెప్పింది, తప్పూ చెప్పింది.

దుమ్ము సర్దుకున్నాక తెల్లమ్మ బొరియలోకి తొంగిచూసింది. పిల్లలు నిద్రపోతున్నారు. అప్పుడు సమాధి దగ్గరికి వెళ్ళి, వాడిపోయిన తన పువ్వు కూడా భద్రయ్యకు పెట్టింది.

నీతి: పోయిన పెద్దల మేలు మరవకూడదు, తప్పు దాచకూడదు. ఆ తప్పు దిద్దడమే వాళ్ళకు మనం చేసే నిజమైన గౌరవం.