అల్లుడు అరిచిన మాట

అనగనగనగా, మన వైపు కాదు చిట్టితల్లీ, ఎక్కడో ఈశాన్యాన గారో కొండల కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో కోచ్ అనే జాతి వాళ్ళుండేవారు. పేరుకి అందరిదీ కోచ్ భాషే, కానీ తెగకో తీరు. ఒక తెగ మాట ఇంకో తెగకి సగం కూడా తెలిసేది కాదు.

ఆ ఊళ్ళో ఫూలేశ్వరి అని ఒకావిడ. ఆవిడ కూతురు నిరలా. వాళ్ళలో పెళ్ళయ్యాక అల్లుడే అత్తారింటికి వస్తాడు. అలాగే కొండ అవతలి నుంచి హరెన్ వచ్చాడు. అత్తవారిది తింతెకియా మాట, అతనిది వానాంగ్ మాట.

వచ్చిన రోజు హరెన్ నీళ్ళడిగితే ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ తర్వాత అన్నం అడిగితే నవ్వారు. అప్పుడు పాపం, వాళ్ళ మాటే పలకబోయాడు. దానికి ఇంకా నవ్వారు, అందరికంటే గట్టిగా ఫూలేశ్వరి. ఇక హరెన్ నోరు విప్పడం మానేశాడు. "మూగవాణ్ణి తెచ్చుకున్నామే," అని ఆవిడ కూతురితో విసుక్కునేది.

వానలు పట్టాయి. ఒక పొద్దున నిరలా సంతకి వెళ్ళింది. ఫూలేశ్వరి కూరకి లేత వెదురు కొమ్ములు కోసుకుని వాగు దాటుతోంది. కొండ మీద ఎక్కడ కురిసిందో ఏమో, ఉన్నట్టుండి ఎర్రనీళ్ళు వచ్చిపడ్డాయి. కాలు జారింది. వాగు నడుమ పొద ఒకటి చేతికందితే రెండు చేతులా పట్టుకుంది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. అప్పుడు ఛాతీ దాకా వచ్చాయి. ఆ తర్వాత గడ్డానికి తగిలాయి.

కేక విని హరెన్ ఒక్కడే పరుగెత్తుకొచ్చాడు. పొడుగాటి వెదురుగడ తీసుకుని కింద మలుపు దగ్గర నీళ్ళలోకి దిగాడు. ఆవిడ పట్టు వదిలితే వరద సూటిగా అతని దగ్గరికే తెస్తుంది. వదలకపోతే? ఎగువ నుంచి ఒక మహావృక్షం వేళ్ళతో సహా దొర్లుకుంటూ వస్తోంది. ఆవిడ వీపు అటుంది. కనబడటం లేదు.

హరెన్ తన వానాంగ్‌లో అరిచాడు. ఆవిడకి అర్థం కాలేదు. పొదని ఇంకా గట్టిగా పట్టుకుంది.

అప్పుడు సంతలో మాట్లాడే అస్సామీలో అరిచాడు. ఆ భాషలో ఆవిడకి వచ్చినవి బేరాల మాటలే. పట్టుకోమంటున్నాడనుకుంది.

చెట్టు దగ్గరికొచ్చేసింది. నవ్వుతారని ఇన్నాళ్ళూ మింగిన మాటల్లో హరెన్ ఆ ఒక్కదాన్నీ వెతికాడు. వంకరగా, సగం విరిచి, ప్రాణం పెట్టి అరిచాడు.

"వదిలెయ్ అమ్మా! వదిలెయ్!"

అది ఫూలేశ్వరి సొంత మాట. తెలిసింది. అయినా వేళ్ళు విడలేదు. వదిలితే మునిగిపోనా? వీణ్ణి నమ్మాలా? కళ్ళు మూసుకుంది. వదిలేసింది.

పొదని ఫెళఫెళా విరుచుకుంటూ చెట్టు పోయింది. నీళ్ళు ఆవిణ్ణి ముంచాయి, తేల్చాయి, మళ్ళీ ముంచాయి. అప్పుడు చేతికి వెదురు తగిలింది.

హరెన్ గడతో గట్టుకి లాగాక ఫూలేశ్వరి తడిబట్టలు పిండుకుంది. ఆ తర్వాత, "ఆ మాట అలా పలకరు," అంది.

హరెన్ తల దించుకున్నాడు.

"అది కాదు నాయనా," అంటూ ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. "మొదట అరిచావు చూడు, మీవాళ్ళ మాట. అదేమిటో చెప్పు."

అతను చెప్పాడు. ఆవిడ పలికింది. తప్పు పలికింది. మళ్ళీ పలికింది.

సాయంత్రం నిరలా సంత నుంచి వచ్చేసరికి ఇంట్లో ఒకటే గోల. మూగవాడన్న మొగుడూ, వాణ్ణి అలా అన్న అమ్మా, ఒకళ్ళనొకళ్ళు ఆగనివ్వకుండా మాట్లాడేసుకుంటున్నారు!

కథేమో కంచికి పోయె,
వరదేమో దిగువకి పోయె,
మా చిట్టితల్లి కన్నేమో నిద్దరకి పోయె.