కుంజెస్ మఫ్లరు, కూనగారి తోక

అనగనగనగా, మబ్బులకి కూడా పైన ఒక బుల్లి ఊరు. చలికాలం వస్తే అక్కడ ఏరు కూడా గడ్డకట్టుకుని పడుకుంటుంది. నీలాగా కాదమ్మా, మారాం చెయ్యకుండా పడుకుంటుంది.

ఆ ఊళ్ళో కుంజెస్ అని ఒక చిన్నపిల్ల ఉండేది. వాళ్ళమ్మ కొండ దాటి కింద పట్నానికి పనికెళ్ళింది. మంచు కరిగి దారి తెరుచుకుంటే గానీ రాలేదు. అందాకా ఇంట్లో కుంజెస్, వాళ్ళ అవ్వ, దొడ్డి నిండా మేకలు. ఆ మేకలే వాళ్ళకి తిండీ బట్టా అన్నీ.

వెళ్ళేటప్పుడు అమ్మ తన మెడలో ఉన్న ఉన్ని మఫ్లరు తీసి పిల్లకిచ్చింది. పొగరంగుది, మెత్తనిది, ఇంత పొడుగుది. దాని కొస నోట్లో పెట్టుకుంటే గానీ కుంజెస్‌కి నిద్ర పట్టేది కాదు. "ఉన్ని నమలడమేంటే! నీకూ మన మేకలకీ తేడా లేదు" అని అవ్వ వేళాకోళం చేసేది. అయినా అది మానేదా? అందులో అమ్మ వాసన ఉంది మరి.

ఒకరోజు మంచులో ఆడి మఫ్లరు తడిపేసింది. దొడ్డి గోడ మీద ఆరేసింది. ఆ తర్వాత, పొద్దు కాస్త వాలాక తీసుకుందామని వెళ్తే, గోడ మీద లేదు!

దొడ్డిలోకి పరుగెత్తింది. మేకల కాళ్ళ సందున వెతికింది. నీళ్ళ తొట్టి పక్కన వెతికింది. అప్పుడు గడ్డిమోపు వెనక కనబడింది, పొగరంగుది, మెత్తనిది, ఇంత పొడుగుది.

లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. అది వెనక్కి లాక్కుంది. "ఏ మేకే అది? వదులు!" అని కాళ్ళు తన్నిపట్టి మళ్ళీ లాగింది.

అప్పుడు మోపు వెనకనుంచి ఒక బొచ్చు బంతి నిలువునా గాల్లోకి ఎగిరింది. ముసలి మేక వీపు మీద పడి, అక్కణ్ణుంచి జారి గడ్డిలో బోర్లా పడింది. ఏంటది? మంచు చిరుత కూన! గోడ మీంచి దొడ్డిలోకి జారిపడింది పాపం. లేచి, ఏమీ జరగనట్టే ఒళ్ళు నాక్కుంది. ఆ తర్వాత తన తోక కొస నోట కరుచుకుని, కుంజెస్‌ని చూస్తూ దర్జాగా కూర్చుంది. కింద పరుపు వేసుకున్నదేంటో తెలుసా? మన మఫ్లరే!

కుంజెస్ ఫక్కున నవ్వేసింది. అవ్వ నవ్వలేదు.

"కూన ఇక్కడుంటే తల్లి ఇక్కడికే వస్తుంది. అది దొడ్డిలోకి దూకిందంటే ఒక్క మేక మిగలదు. చీకటి పడకముందే దీన్ని పంపించెయ్యాలి" అంది.

ముందు అవ్వ చీపురు తీసుకుని "హుష్, హుష్" అంది. కూన ఆటనుకుంది. చీపురు ఎటెళ్తే అటు గెంతి, పుల్లలన్నీ పీకి పోగుపెట్టింది.

ఆ తర్వాత పక్కింటి రింజెన్ మామ గోనెసంచి తెచ్చాడు. కూన తనంతట తనే సంచిలో దూరి ముడుచుకుంది. మామ మోసుకెళ్ళి కొండ మొదట్లో దింపొచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది? ఆయన కంటే ముందే దొడ్డిలో కూర్చుని ఉంది, తోక నోట్లో పెట్టుకుని!

"ఇక లాభం లేదు పెద్దమ్మా. కట్టేసి, ఇప్పుడే పక్కూళ్ళో దించేస్తాను" అన్నాడు మామ.

"వద్దు మామా! దానికి పక్కూరు కాదు, వాళ్ళమ్మ కావాలి" అంది కుంజెస్.

మఫ్లరు తీసి, కొస నేలమీద పడేసి, మెల్లిగా ఈడ్చుకుంటూ బయటికి నడిచింది. కూన చెవులు నిక్కబొడుచుకుంది. తల్లి తోకతో ఆడుకున్నట్టే దాని వెంటపడింది. గుప్పెడంత రాయి వెనక తల పెట్టి, ఇక తనెవరికీ కనబడననుకుని, వెనకభాగం ఊపుకుంటూ దూకేది. కుంజెస్ లాగేది. అది మళ్ళీ దాక్కునేది. వెనకాల అవ్వా మామా కర్రలు పట్టుకుని, నవ్వాపుకుంటూ నడిచారు.

అలా కొండ మొదట్లో పెద్ద బండ దాకా వచ్చేసరికి, పైనుంచి "ఫుఫ్, ఫుఫ్" అని వినబడింది. మంచు చిరుతకి గాండ్రించడం రాదమ్మా. బిడ్డని ముద్దుగా అలాగే పిలుస్తుంది. తల్లి వచ్చేసింది!

"ఫుఫ్" అంది కూన కూడా. కానీ మఫ్లరు కొస మాత్రం వదల్లేదు. ఇప్పుడు లాగితే మఫ్లరు దక్కుతుంది, కూన మళ్ళీ వెనకే వస్తుంది. వదిలేస్తే కూన వెళ్ళిపోతుంది, దాంతోపాటే మఫ్లరూ.

కుంజెస్ దాన్ని ఒక్కసారి ముక్కుకి ఆనించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు చెయ్యి వదిలేసింది.

కూన మఫ్లరు ఈడ్చుకుంటూ, కాళ్ళకి చుట్టుకుని దొర్లిపడుతూ పైకెక్కింది. తల్లి చెంపకి చెంప రాసింది. తన లావుపాటి తోక బిడ్డ చుట్టూ దుప్పట్లా చుట్టింది. కాసేపటికి ఇద్దరూ బండ దాటి వెళ్ళిపోయారు. ఇక ఆ చలికాలమంతా దొడ్డివైపు ఏ చిరుతా రాలేదు.

ఆ పూట కుంజెస్ పక్కమీద పడుకుంది గానీ నిద్ర రాదే! ఏడవలేదు. ఊరికే గుప్పిట మూస్తోంది, తెరుస్తోంది. అవ్వ అది చూసింది. వేళాకోళం చెయ్యలేదు. తన నడుముకున్న పొడుగాటి ఉన్ని నడికట్టు విప్పి, పిల్ల చుట్టూ చుట్టి, కొస గుప్పిట్లో పెట్టింది.

"ఇదిగోనే, నా తోక" అంది.

అందులో మేకల వాసన, పొయ్యి పొగ వాసన, అవ్వ వాసన. కుంజెస్ చక్కగా నిద్రపోయింది.

మంచు కరిగాక అమ్మ వచ్చింది. "మఫ్లరేదే?" అని అడిగింది. "కొండమీద ఒకళ్ళకి నిద్ర పట్టట్లేదమ్మా, ఇచ్చేశాను" అంది కుంజెస్.

ఊఁ, కథ అయిపోయింది, ఇక నా కొంగు వదులు తల్లీ... వద్దులే, పట్టుకునే పడుకో.

కథ వెళ్ళె కంచికి,
కూన వెళ్ళె కొండకి,
కొంగు కొస పట్టుకుని
మనమేమో నిదరింటికి!