పుట్టుపాలచెంబు

ఒక ఇంట్లో ఒక రాగిచెంబు ఉండేది. కొట్టులో అది తయారైన రోజున పేర్లు కొట్టేవాడు దాన్ని ఒక్కసారి అటూ ఇటూ తిప్పి చూసి, అడుగుకు కాస్త పైన 'పాలచెంబు' అని కొట్టాడు. పక్కనున్న చెంబు మీద 'నీళ్లచెంబు' అని కొట్టాడు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. అతనికి ఆ రోజు చాలా పని ఉంది.

ఆ ఇంట్లో పాలచెంబులు వంటింటి అరలోనూ, నీళ్లచెంబులు వసారాలోనూ ఉండేవి. రాగిచెంబులో పాలు పోసినప్పుడల్లా విరిగిపోయేవి. ఇంటావిడ గేదెను తిట్టేది, పాలవాణ్ని తిట్టేది, చివరికి చెంబును చింతపండు పెట్టి అరిగిపోయేలా తోమేది. ఎండనపడి వచ్చినవాళ్లు వసారాలో గుక్కెడు నీళ్లు తాగి 'అమ్మయ్య' అనడం చెంబుకు వినిపించేది. ఆ మాట తన నీళ్లు తాగి ఒక్కరన్నా చాలుననుకునేది. పాపం, దాని కోరిక అంతే.

ఒకనాడు ఉండబట్టలేక చెప్పేసింది.

"అమ్మా, పుట్టినప్పుడు నన్ను పాలచెంబన్నారు. అన్నది వాళ్లు. నేను నీళ్లచెంబుని. నన్ను వసారాలో పెట్టండి."

ఇంటావిడ మంచి మనిషే. "అయ్యో, ఇన్నాళ్లూ ఎంత నలిగిపోయావో!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. దాన్ని తెచ్చి వసారాలో పెట్టి, ఇరుగుపొరుగుకంతా చెప్పింది. వాళ్లూ మంచివాళ్లే. చెంబు చెప్పిన మాటను శ్రద్ధగా నేర్చుకున్నారు. కాకపోతే, పలకడానికి వీలుగా కాస్త పొట్టి చేసుకున్నారు. 'పుట్టినప్పుడు పాలచెంబన్నారు' అన్నది నాలుగు నోళ్లలో పడి 'పుట్టుపాలచెంబు' అయింది. 'అన్నారు' అన్న ముక్క ఎక్కడ జారిపోయిందో ఎవరూ వెతకలేదు.

"మా పుట్టుపాలచెంబును చూశారా? ఇప్పుడది నీళ్లచెంబు!" అని ఇంటావిడ వచ్చినవాళ్లందరికీ మురిపెంగా చూపించేది.

"పుట్టుపాలచెంబుతో నీళ్లు తాగడానికి నాకేం పట్టింపు లేదండీ," అనేవాడు పక్కింటాయన, వీధికంతా వినపడేలా. తాగేది మాత్రం పక్క చెంబుతోనే.

చెంబు మొదట్లో సరిదిద్దేది.

"'పుట్టు' కాదండీ, 'అన్నారు'."

"అదేలే, రెండూ ఒకటేగా!"

రోజూ అదే మాట ఎంతకని చెప్తుంది? విసుగొచ్చింది, విసుగు కూడా అలిసిపోయింది. చెంబు నోరు మూసుకుంది. దాని మనసు కుదుటపడిందనుకుని ఇంటావిడ సంతోషించి, పేర్లు కొట్టేవాణ్ని పిలిపించింది.

"దీనిమీద పేరు తప్పు బాబూ. ముందు 'పుట్టు' అని చేర్చు. చూసినవాళ్లకు సరిగ్గా తెలియాలి కదా. పాత అక్షరాలు మాసిపోయాయి, పనిలో పనిగా వాటినీ గట్టిగా కొట్టు."

"వద్దమ్మా," అంది చెంబు.

"నీ మంచికే," అంది ఆవిడ.

కొత్త అక్షరాలు బాగానే పడ్డాయి. పాతవాటి దగ్గర, అరిగి పలచబడిన రేకులోంచి ఉలి అవతలికి దిగింది.

ఆ మధ్యాహ్నమే ఒక బాటసారి నోరెండిపోయి వచ్చాడు. వసారాలో వరసగా ఉన్న చెంబుల్లో చేతికందిన రాగిచెంబునే తీసుకున్నాడు. పేరు చదవలేదు. కుండలోంచి నిండా నీళ్లు ముంచుకున్నాడు. నోటిదాకా ఎత్తేలోపు నీళ్లన్నీ అక్షరాల్లోంచి కారి, మోచేతి మీదుగా నేలపాలయ్యాయి.

ఇంటావిడ పరుగున వచ్చి చెంబును జాలిగా చేతిలోకి తీసుకుంది.

"ఏం చేస్తాం బాబూ," అంది బాటసారితో, "పుట్టుపాలచెంబు కదా, నీళ్లెలా నిలుస్తాయి?"