గేటు దాటని డాక్టరు

మెట్టపేట పురపాలక సంఘంలో భుజంగరావు అనే పశువుల డాక్టరు ఉండేవాడు. చదువు బోలెడు, ఒళ్ళు వంచడం మాత్రం సున్నా. ఆ ఊరి కబేళాలో కోసే ప్రతి మేకనూ ఆయనే చూడాలి. కోయకముందు నిలబెట్టి చూడాలి. కోశాక కార్జం, ఊపిరితిత్తులు చూడాలి. రోగం లేదని తేలితేనే మాంసం మీద ఊదారంగు ముద్ర వేయాలి. జనం ఆ ముద్ర చూసే కొనేవారు.

మరి మన డాక్టరు గారు ఏం చేసేవాడో తెలుసా? స్కూటరు దిగకుండా, సెంటు పూసిన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గేటు బయటినుంచే కేకేసేవాడు.

"ఏం జిలానీ, అన్నీ బాగున్నాయా?"

మాంసం కొట్టే జిలానీ బయటికి వచ్చేవాడు. "ఒకసారి లోపలికొచ్చి చూడండి సార్."

"నువ్వు చూశావుగా, చాలు! ఇంద, ముద్ర వేసుకో." ముద్ర అతని చేతిలో పెట్టి కాఫీ హోటలుకు చక్కా పోయేవాడు. మూడేళ్ళుగా ఇదే తంతు.

ఒక ఆదివారం జిలానీ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఒక మేక కార్జం నిండా చీముగడ్డలున్నాయి. మీరొచ్చి చూడాలి."

ఆ మధ్యాహ్నమే ఆడపిల్లల హాస్టల్లో వార్షికోత్సవం. శుభ్రత గురించి మాట్లాడమని డాక్టరునే పిలిచారు. ఆయన తెల్లబట్టలు వేసుకొచ్చాడు.

"ఈ బట్టలతో ఆ రొచ్చులోకి రమ్మంటావా? బుద్ధుందా నీకు? వేసెయ్ ముద్ర!" అని కసిరి వెళ్ళిపోయాడు.

హాస్టల్లో అరగంట సేపు శుభ్రత మీద దంచేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ పంక్తిలో కూర్చున్నారు. వంటమనిషి అప్పాయమ్మ ఆయన విస్తట్లో మాంసం కూర వడ్డించింది.

"తినండి బాబూ. జిలానీ కొట్లో మీ ముద్ర చూసే తెచ్చాను. ముద్ర లేనిది నా పిల్లలకు పెట్టను. ఏడాదంతా ఈ రోజు కోసమే చూస్తారు పాపం."

డాక్టరుకు పొద్దున జిలానీ అన్న మాట గుర్తొచ్చింది. ఆ చీముగడ్డల మేకే అయితే? చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే? ఎదురుగా ఒక చిన్నపిల్ల ముద్ద నోటిదాకా తెచ్చింది.

"తినొద్దు! ఎవరూ తినొద్దమ్మా!" అని అరిచాడు.

"ఏమైంది బాబూ?" అంది అప్పాయమ్మ.

"ఆ మాంసం... నేను చూడలేదు."

"చూడలేదా! మరి ముద్ర?"

ఆయన తల దించుకున్నాడు. నూరుమంది పిల్లలు ఆయన వంకే చూస్తున్నారు. ఛీ, ఇదా నా బతుకు అనిపించింది.

కబురంపితే జిలానీ వచ్చాడు. "ఆ మేకను పొద్దున్నే గోతిలో పూడ్చి సున్నం చల్లానమ్మా. ముద్ర వేసెయ్యమన్నారు గానీ నాకు చెయ్యి రాలేదు. మిగతావన్నీ నాకు తెలిసినంతలో బాగానే ఉన్నాయి." డాక్టరు వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "నాకు తెలిసినంతలోనే సార్. నాకు తెలియని రోగాన్ని ఎవరు పట్టుకోవాలి? అందుకే రోజూ లోపలికి రమ్మనేవాణ్ణి."

అప్పాయమ్మ కూర గుండిగను బయటికి తీసుకుపోయింది. విస్తళ్ళు మార్చి అందరికీ పప్పుచారు పోసింది. పండగపూట పిల్లలు పప్పుచారన్నమే తిన్నారు.

ముద్ద నోటిదాకా తెచ్చిన పిల్ల వెళుతూ ఆయన దగ్గర ఆగింది. "మీరేమీ తినలేదు డాక్టరు గారూ. పప్పుచారు బాగానే ఉంది, పోయించుకోండి," అంది. ఆ మాటకు ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తిట్టినా ఇంత సిగ్గేసేది కాదు.

మర్నాడు పొద్దు పొడవకముందే స్కూటరు కబేళా ముందు ఆగింది. డాక్టరు ప్యాంటు మడిచి, జేబురుమాలు జేబులోనే ఉంచి, గేటు దాటి లోపలికి నడిచాడు. "రా జిలానీ, మొదటి మేకను చూపించు," అన్నాడు.

అదర్రా పిల్లలూ, కళ్ళారా చూడనిదానికి పూచీ పడకూడదు. మనల్ని నమ్మి నోట ముద్ద పెట్టుకునేవాళ్ళ ముందు తల దించుకోవడం కంటే, వేళకు లేచి ఒళ్ళు వంచడమే ఎంతో సులువు.