బావమరిది సినిమా కోసం తుడిచేసిన రెండు వాక్యాలు

కార్తీక బహుళ పాడ్యమి నాడు అన్యాయం జరిగింది నిడుమోలు మంగతాయారుకి. పత్రికలో సినిమా సమీక్షలు రాసుకునే మనిషి. ఉన్నమాట రాసిన పాపానికి కుంభవరం రాజావారు ఆమెను చెరసాలలో పెట్టించారు.

ఆ సినిమా ‘ఏడు కత్తుల వీరుడు’. రాసినవాడు, తీసినవాడు, ఏడు కత్తులూ తానే తిప్పినవాడు రాణీగారి తమ్ముడు గజేంద్రవర్మ.

మంగతాయారు రాసింది రెండే వాక్యాలు. “ఇంటర్వెల్ దాకా కథ కోసం ఎదురుచూశాను. ఆ తర్వాత శుభం కార్డు కోసం ఎదురుచూశాను.”

ఒక ఆడమనిషి రెండు వాక్యాలకి ఏడు కత్తులున్న మగాడు వణికిపోయాడు.

మనిషి చెరసాలలో ఉన్నా మాట మాత్రం బయటే తిరుగుతోంది. ఎందుకంటే ఆ సంస్థానానికి ఆన్‌లైన్‌లో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది. సినిమా పేరు కొడితే చాలు, ఎవరు నటించారు, ఎవరు మెచ్చుకున్నారు, ఎవరు తిట్టారు, అన్నీ ఫోన్‌లో కనబడతాయి. దాన్ని చూసుకునేది ఆస్థానంలోని సూరాంబ. అచ్చయిన మాటే ఎక్కిస్తుంది. మంగతాయారు వాక్యాలనూ అలాగే ఎక్కించింది.

గజేంద్రవర్మ నిండు సభలో గుండెలు బాదుకున్నాడు.

“బావగారూ! రేపు నా మనవలు చదువుతారు ఇది! తీయించండి!”

“పిల్లాడు ఏడుస్తున్నాడు, తీసెయ్యమ్మా,” అన్నారు రాజావారు. పిల్లాడికి నలభై ఏడేళ్ళు.

“మరి పొగడ్తలు, ప్రభూ?”

“అవి ఉంచు!” అన్నాడు గజేంద్రవర్మ. “అవి నిజాలు కదా!”

రాజాజ్ఞ. సూరాంబ అక్కడే నిలబడి తుడిచేసింది. “మాట పోయింది కదా ప్రభూ, ఇక మంగతాయారునైనా వదిలిపెట్టండి.”

“తను రాసింది అబద్ధమని ఒప్పుకుంటే వదులుతాను.”

“తమరు సినిమా చూశారా?”

“నాకెక్కడ తీరిక!”

సూరాంబ ఫోన్ చూసి గట్టిగా చదివింది. “‘నభూతో నభవిష్యతి’ అన్నారు ఆస్థాన కవి. ‘రెప్ప వెయ్యలేదు’ అన్నారు సేనాపతి. తిట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంత గొప్ప సినిమా తమరొక్కరే చూడకపోతే ఏం బాగుంటుంది ప్రభూ?”

గజేంద్రవర్మ మీసం దువ్వాడు. “ఇన్నాళ్ళకి నీ నోట ఓ మంచి మాట వచ్చింది సూరాంబా!”

కుంభవరంలో ఒక కట్టుబాటు ఉంది. రాజు కూర్చున్న ప్రదర్శనలో మంగళహారతి పాడేదాకా ఎవరూ లేవకూడదు. రాజు అసలే లేవకూడదు. లేస్తే కళామతల్లికి అవమానమట. ఎప్పుడో తాతలనాడు హరికథలకి పెట్టుకున్న నియమం. ఈ సినిమా నాలుగు గంటలు. రాజావారు సభనంతా వెంటబెట్టుకుని వెళ్ళి కూర్చున్నారు.

మొదటి కత్తికి రాజావారు చప్పట్లు కొట్టారు. రెండో కత్తికి ఆవలించారు. మూడో కత్తి తీసేసరికి ఇంకా నాలుగున్నాయని గుర్తొచ్చి నీరసపడ్డారు. కళ్ళు మూసుకుంటే కత్తుల చప్పుడు, తెరిస్తే బావమరిది.

“సూరాంబా, ఇంకా ఎంతసేపే?” గొంతు తగ్గించి అడిగారు.

“ఆరో కత్తి ఇంకా దొరకలేదు ప్రభూ. దానికో ఫ్లాష్‌బ్యాక్ ఉంది.”

“అమ్మో, నా మెడ పట్టేసింది! ఇది ఇలా ఉంటుందని ముందే చెప్పే మనిషి నా సంస్థానంలో ఒక్కరూ లేరా?”

సూరాంబ కూర్చునే దండం పెట్టింది.

“ఒక్కతి ఉంది ప్రభూ. చెరసాలలో పెట్టించారు.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజావారికీ నవ్వాగలేదు. మెడ పట్టుకుని మరీ నవ్వారు.

మంగళహారతి అవుతూనే లేచారు. “ఆమెను విడిపించండి! ఆ రెండు వాక్యాలూ మళ్ళీ ఎక్కించు సూరాంబా. పక్కన నా మాట కూడా రాయి.”

“నోటిమాట ఎక్కించను ప్రభూ. పత్రికలో అచ్చవ్వాలి.”

“అయితే ఆ మంగతాయారునే రమ్మను, చెబుతాను.”

“బావగారూ!” గజేంద్రవర్మ అడ్డం పడ్డాడు. “నా పరువు!”

“ఆ మాటలన్నీ తీయిస్తానయ్యా. ఇప్పుడే ఇంకో ఆట వేయిస్తాను. నువ్వు లేవకుండా మొత్తం చూడు, చాలు.”

గజేంద్రవర్మ తెరవైపు చూశాడు. తలుపువైపు చూశాడు. తలుపే నచ్చింది.

హాలంతా గొల్లుమంది. రాజావారు చేతి కంకణం తీసి సూరాంబకి తొడిగించారు. ఆ సినిమా వ్యాసంలో మంగతాయారు వాక్యాల కింద ఇప్పటికీ ఉంది: “‘మెడ పట్టేసింది.’ కుంభవరం రాజావారు, మంగతాయారుతో ముఖాముఖి, మార్గశిర శుద్ధ పంచమి.”