మీ నుయ్యి మంచిదేనా?

"పదిమందినీ అడిగి తెలుసుకున్నది తప్పెలా అవుతుంది గురువుగారూ?" అని దక్షిణామూర్తి అడిగినప్పుడు అవధానయ్యగారు కోప్పడలేదు. నేనైతే చెంప పగలగొట్టేవాణ్ణి. ఎందుకో వినండి.

గోదావరి వరద తీశాక మా లంకలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. మాకు వైద్యం చేసే అవధానయ్యగారు, ఏ నూతి నీళ్లు తాగవచ్చో గడపగడపా అడిగి తెలుసుకు రమ్మని ఈ శిష్యుణ్ణి పంపారు. అతగాడు పెళ్లికొడుకులా ఊరంతా ఊరేగి, ప్రతి ఇంటి ముందూ నిలబడి "మీ నుయ్యి మంచిదేనా?" అని అడిగాడు. అందరూ మంచిదే అన్నారు. పెద్దవీధిలో కొంపలు ఎక్కువ కనుక మంచిదన్న నోళ్లూ అక్కడే ఎక్కువ. ఇంకేం, ఊళ్లోకెల్లా మేలైన నీళ్లు పెద్దవీధివేనని తేల్చేశాడు. తేల్చి ఊరుకున్నాడా? గురువుగారి చెవిన వేయకముందే అడిగినవాళ్లకల్లా చెప్పాడు.

అలా అడిగినవాళ్లలో అచ్చియ్యమ్మ ఒకతె. లంక కొసన పాకలో ఉంటుంది. అక్కడి నుయ్యి ఒండ్రుతో పూడిపోయింది. కొడుక్కి ఏ నీళ్లు పట్టనని అడిగితే పెద్దవీధివి పట్టమన్నాడు. పట్టింది. మర్నాడు పొద్దు వాలకముందే పిల్లాడు గుడ్లు తేలేశాడు.

వాణ్ణి భుజాన వేసుకొచ్చి గురువుగారి అరుగు మీద పడుకోబెట్టి, శిష్యుడి వంక చూసింది.

"ఊరందర్నీ అడిగొచ్చి, నా బిడ్డకి ఈ నీళ్లా చెప్పావు నాయనా?"

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అదిగో, అప్పుడన్నాడు దక్షిణామూర్తి ఆ పదిమంది మాట. నోరెలా వచ్చిందో!

అవధానయ్యగారు కాచిన గంజిలో ఉప్పు వేసి చెంచాతో పిల్లాడి నోట్లో పోస్తూ కూర్చున్నారు. వాడు కళ్లు తెరిచి అమ్మా అన్నాక లేచి, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరారు. పెద్దవీధి వాళ్లను కుమ్మరివీధి నుయ్యి ఎలా ఉందని అడిగారు. ఎంత వెతికినా వంక దొరక్క, కాస్త చప్పన అన్నారు వాళ్లు. కుమ్మరివీధి వాళ్లను పెద్దవీధి నుయ్యి సంగతి అడిగారు. దొడ్ల మురుగంతా అందులోకే దిగిందనీ, దగ్గరికెళితే కంపనీ ఇంటింటా ఒకే మాట.

దక్షిణామూర్తి ఉడికిపోయాడు. పెద్దవీధి వాళ్లు ఒట్టి అబద్ధాలకోరులని, తమ పిల్లలు మంచాన పడి ఉండగా కూడా నీళ్లు మంచివేనని తనతో బొంకారని దారంతా తిట్టాడు. తన తప్పు మాత్రం ఒక్కటీ కనపడలేదు మహానుభావుడికి.

గురువుగారు తిన్నగా పెద్దవీధి నూతి దగ్గరికి తీసుకెళ్లారు. చేద వేసి తోడి, ముంత నింపి అతని చేతికిచ్చారు.

"ఇంతమంది మంచివన్నారు కదా. తాగు."

అతను ముంత మూతి దాకా తెచ్చి గభాలున దించేశాడు. నీళ్లు కాళ్ల మీద ఒలికాయి. తాగలేదు.

అవధానయ్యగారు ముంత లాక్కుని నేల మీద కొట్టి, నూతి ఒర మీద ఎండిన పసుపూ కుంకుమా చూపించారు.

"ఈ వీధిలో పురుడు వెళ్లిన ప్రతి ఆడదీ బిడ్డనెత్తుకుని ముందు మొక్కేది ఈ నూతి తల్లికే. తల్లి మంచిదేనా అని అడిగితే కాదనేదెవరు? వాళ్లు నీకు అబద్ధం చెప్పలేదురా. నువ్వే నీళ్ల సంగతి అడగలేదు."